తేనెటీగల కోపమును గ్రహించిన బోధకుడు

లోరెంజో లాంగ్‌స్ట్రాత్ గారి జీవితము (1810–1895)

ధ్యాన భాగములు: సామెతలు 15:1, యాకోబు 1:19, 20



జగిత్యాల మామిడి తోటలు పూతకు వచ్చు దినములలోను, కోరుట్ల వైపు నువ్వుచేలు పూయు దినములలోను తేనెటీగల రొద వినబడని ఊరు లేదు. ఊరి మర్రికొమ్మకో, నీళ్ల ట్యాంకు అడుగుననో, గుట్టమీది రాతి చరియకో చేటంత తుట్టె వ్రేలాడుచున్న యెడల తల్లులు పిల్లలను ఆ దారిని పోనియ్యరు. చీకటి పడిన పిమ్మట కాగడా కట్టి దానిని కాల్చివేయు వారును కలరు. అయితే అదే ఊరి పొలిమేరలో, పుట్టయందు గూడు కట్టిన ఈగలనుండి కొంచెము పొగ ఊది ఒట్టి చేతులతో తేనె తీయు మనుష్యుడును కలడు. ఒక ఈగను చూచి ఊరంతయు పరుగెత్తును. మరియొక ఈగ చెంతనే పసులకాపరి కూర్చుండి సద్ది తినును. రెండును తేనెటీగలే. రెండును అవే పువ్వులమీద వ్రాలును. వాటి కోపములో ఈ భేదము ఎక్కడనుండి వచ్చెను? కోపము పుట్టుకతో వచ్చునదా, మనుష్యుడు పుట్టించునదా? ఈ సంగతిని తన చేతులతో శోధించి తెలిసికొన్న ఒక సంఘకాపరి చరిత్రను ఈ నెల మీ ముందుంచుచున్నాము.

లోరెంజో లోరెయిన్ లాంగ్‌స్ట్రాత్ 1810వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన, క్రిస్మస్ దినమున, అమెరికా దేశములోని ఫిలడెల్ఫియా పట్టణమందు జన్మించెను. చిన్ననాటినుండి పురుగులను చూచుట ఆయనకు మిక్కిలి ప్రీతి. చీమలు కనబడినచో కంకర బాటమీదనే మోకాళ్లూని చాలసేపు చూచుచుండెడివాడు. అట్లు మోకాళ్లయొద్ద లాగులు చినిగిపోయినందున ఒకమారు దెబ్బలు కూడ తినెను. ఆ కాలపు పెద్దలకు పురుగులను పరిశీలించుట పనికిమాలిన అలవాటుగా తోచెను. చీమయొద్దకు పోయి దాని నడతలు చూచి జ్ఞానము తెచ్చుకొనవలెనను బోధ సామెతల గ్రంథములో ఉన్నది గదా. ఆ బాలుడు దానిని అక్షరాల నెరవేర్చుచున్నాడని మాత్రము ఎవరికిని తోచలేదు.

ఆయన యేల్ కళాశాలలో చదివి 1831లో పట్టము పొందెను. అక్కడనే దైవజ్ఞానము అభ్యసించి, కొంతకాలము గణితము బోధించెను. 1836లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి ఆండోవర్ పట్టణములో కాంగ్రిగేషనల్ సంఘమునకు కాపరియాయెను. ఆ సంవత్సరమే అన్నా టక్కర్ అను ఆమెను వివాహమాడెను. అయితే ఒక బాధ ఆయనను వెంబడించెను. గాఢమైన దిగులు మనస్సును కమ్ముకొని, తల పనిచేయక, ప్రసంగపీఠము ఎక్కలేని దినములు మాటిమాటికి వచ్చుచుండెను. నేటి వైద్యులు దీనిని మానసిక కుంగుబాటు అని పేర్కొని మందులు ఇచ్చుచున్నారు. ఆ కాలములో దానికి తగిన చికిత్స లేకుండెను. కాబట్టి ఆయన పరిచర్యను విడిచి, బాలికల పాఠశాలలలో బోధించుచు జీవనము సాగింపవలసి వచ్చెను. 1843లో గ్రీన్‌ఫీల్డ్ పట్టణమున మరల కాపరియై, 1848లో తిరిగి అనారోగ్యముచేత ఆ పని మానుకొని ఫిలడెల్ఫియా చేరెను.

తేనెటీగలు ఆయన జీవితములోనికి వచ్చుట ఆండోవరులోనే జరిగెను. 1838వ సంవత్సరపు వేసవిలో ఒక స్నేహితుని దర్శింపబోగా, ఆ ఇంటి బల్లమీద గుండ్రని గాజుపాత్ర నిండ మెరయుచున్న తేనెపట్టు కనబడెను. ఆయన దాని సంగతి అడుగగా స్నేహితుడు ఆయనను ఇంటి అటకమీదికి తీసికొనిపోయి అక్కడ పెంచుచున్న ఈగలను చూపెను. చిన్ననాటి ప్రీతి ఆ క్షణమున మరల మేల్కొనెను. ఆ సాయంకాలము ఇల్లు చేరకమునుపే ఆయన రెండు ఈగల గూళ్లను కొనెను. తెరపిగాలి తగులుచు చేయు పని తన జబ్బుకు మంచిదని కూడ ఆయన తలంచెను.

ఆ దినములలో ఈగలను పెంచు విధమును మనము తెలిసికొనవలెను. గడ్డితో అల్లిన గంపలోగాని, ఒట్టి చెక్కపెట్టెలోగాని ఈగలను ఉంచెడివారు. అవి తమ పట్లను పెట్టె గోడలకును పైకప్పునకును అంటించి కట్టుకొనెడివి. లోపల రాణి ఉన్నదో లేదో, పురుగు పట్టెనో లేదో చూచుటకు ఉపాయము లేదు. తేనె కావలెనన్న పట్లను కత్తితో కోయవలెను. కోయునప్పుడు పిల్లలు నలిగిపోవును, తేనె కారిపోవును, చచ్చిన ఈగల వాసన నిండును. అనేకులు శరత్కాలమున నేలలో గుంట త్రవ్వి, గంధకము మండించి, గంపను దానిపై బోర్లించి, ఈగలన్నిటిని చంపి తేనె తీసికొనెడివారు. తన ఇంటిని ఇట్లు పాడుచేయువాని మీద ఏ ప్రాణి కోపపడదు? ఈగలు క్రూరమైనవని ఆ జనులు చెప్పుకొనుచుండిరి. అయితే ఆ కోపములో ఒక భాగము తమ చేతులే పుట్టించినదని వారు గుర్తింపలేదు.

లాంగ్‌స్ట్రాత్ దీనిని గుర్తించెను. పెట్టె పైకప్పుకును లోపలి పట్లకును నడుమ కొంత ఎడము విడిచినయెడల ఈగలు ఆ కప్పును జిగురుతో అంటింపవని ఆయన ముందే కనుగొనియుండెను. 1851వ సంవత్సరము అక్టోబరు మాసాంతమున, ఒక సాయంకాలము ఇంటికి నడిచి వచ్చుచుండగా ఆయనకు మరియొక ఆలోచన తట్టెను. ప్రతి పట్టును ఒక చెక్క చట్రములో కట్టించి, ఆ చట్రమునకును పెట్టె గోడకును మధ్య కూడ అంతే ఎడము విడిచినచో, చట్రమును గోడకు అంటింపక ఈగలు ఆ సందును దారిగా ఉంచుకొనును. అప్పుడు పుస్తకములోని పుటలవలె ఒక్కొక్క పట్టును పైకి తీసి చూచి తిరిగి పెట్టవచ్చును. నడివీధిలో సంతోషముచేత కేక వేయకుండ తన్ను తాను అదుపు చేసికొనుట ఆయనకు కష్టమాయెను.

ఆ ఎడము ఎంత? అంగుళములో ఎనిమిదవ వంతులు మూడు, అనగా చిటికెన వ్రేలి వెడల్పు కంటెను తక్కువ. అంతకంటె మిక్కిలి ఇరుకైనచో ఈగలు జిగురుతో పూడ్చివేయును. ఎక్కువైనచో అక్కడ మరియొక పట్టు కట్టును. సిరిసిల్ల నేతపనివారు ఈ సంగతిని సులభముగా గ్రహింతురు. పోగుకు పోగుకు నడుమ తగిన ఎడము లేనిచో దారము తెగును, ఎడము మీరినచో బట్ట పలుచనగును. ఈగల లోకములోను తగిన ఎడమునకు అంత విలువ కలదు. ఆయన ఎడమును క్రొత్తగా కల్పింపలేదు. ఈగలు ఆదినుండి పాటించుచున్న దానిని చూచి, దానిని గౌరవించి, తన పెట్టెను దానికి సరిగా చేసెను.

1852వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన ప్రభుత్వము ఈ పెట్టెకు హక్కుపత్రము ఇచ్చెను. మరుసటి సంవత్సరము ఆయన తేనెటీగలనుగూర్చి గొప్ప గ్రంథము ప్రచురించెను. అందులో ఈగల కోపమునుగూర్చి ఆయన నేర్పిన సంగతులు నేటికిని ఈగలు పెంచువారికి మొదటి పాఠములుగా నున్నవి. కడుపునిండ తేనె త్రాగిన ఈగ తనంతట తాను మనుష్యునిమీద పడదు. పొగ తగులగానే ఈగలు భయపడి తేనె త్రాగుటకు పరుగెత్తును. అందువలన కొద్ది పొగ వాటిని నెమ్మదిపరచును. పొగకు బదులు పంచదార నీళ్లు చిలకరించినను అట్లే జరుగును. క్రొత్త చోటు వెదకుచు కొమ్మకు గుంపుగా వ్రేలాడు ఈగలు సాధువుగా నుండుటకు కారణము కూడ ఇదియే. అవి ప్రయాణమునకు తేనె నింపుకొని బయలుదేరును. గూడు ఎదుట నిలిచి ఊపిరి ఊదరాదు. చేతులు విసరరాదు. ఒక్క ఈగనైనను నలుపరాదు. తొందరపడువాని చేతిని అవి సహింపవు. మెల్లగా కదలు చేతిని లక్ష్యపెట్టవు. క్రొత్త పెట్టెలో పట్లు కోయు పనిలేదు, ఈగలను నలుపు పనిలేదు. కాబట్టి కోపమునకు కారణములు చాలవరకు తొలగిపోయెను.

ఇంతటితో ఆ ప్రశ్న తీరలేదు. ఎంత మెల్లగా మెలగినను కొన్ని గూళ్లు త్వరగా రేగును, కొన్ని ఎంత కదిపినను ఊరకుండును. ఆ కాలమున అమెరికాలో ఉన్నవి ఉత్తర ఐరోపానుండి పూర్వము వలసవచ్చినవారు ఓడలలో తెచ్చిన నల్లని ఈగలు. పట్టును పైకెత్తగానే అవి కలతచెంది ఇటునటు పరుగెత్తును, కుట్టుటకును వెనుదీయవు. అదే జాతిలో ఇటలీ దేశపు ఈగలు మరియొక తెగ. వాటి పొట్టమీద పసుపుపచ్చని పట్టెలుండును. చట్రమును చేతబట్టి త్రిప్పి చూచినను అవి నిమ్మళముగా తమ పని చేసికొనుచుండును. సిలీషియా దేశములో యాన్ జియెర్జోన్ అను రోమను కతోలిక గురువు 1853లో ఈ ఇటలీ ఈగలను తెప్పించి పరిశోధనలు చేసెను. పోతుఈగలు తండ్రి లేకయే పుట్టునని ఆయన అంతకుముందే చెప్పియుండెను. నల్ల ఈగలకును పసుపు ఈగలకును కలిసిన సంతానమును చూచి ఆ మాటకు రుజువు దొరికెను. అట్లే రంగు మాత్రమే కాక స్వభావము కూడ తల్లిదండ్రులనుండి పిల్లలకు దిగునని ఈగలు పెంచువారు తెలిసికొనిరి.

1858లో లాంగ్‌స్ట్రాత్ కుటుంబముతో ఒహాయో రాష్ట్రమందలి ఆక్స్‌ఫర్డ్ అను చిన్న పట్టణమునకు చేరెను. ఇటలీ ఈగలు 1859, 1860 సంవత్సరములలో ఓడలమీద అమెరికా చేరగా, ఆయనయు ఆయన కుమారుడైన జేమ్సును ఆ జాతి రాణులను పెంచి దేశములోని అనేకులకు పంపిరి. ఇందులోని యుక్తి ఏమనగా, గూటిలోని ఈగలన్నియు ఒక్క రాణి పిల్లలే. పనిచేయు ఈగ వేసవిలో సుమారు 6 వారములు మాత్రమే బ్రదుకును. కోపముగల గూటినుండి పాత రాణిని తీసివేసి సాధువైన రాణిని ఉంచినచో, రెండు నెలలు గడుచునప్పటికి ఆ ఇంటిలో పాత ఈగలు దాదాపు ఉండవు; క్రొత్త రాణి కుమార్తెలే ఉండును. గోడలు అవే, తేనె అదే, చోటు అదే. స్వభావము మాత్రము మారిపోవును. అయితే రాణి ఆకాశమున ఎగిరి అనేకమైన పోతుఈగలతో కూడును. ఇటలీ రాణి చుట్టుప్రక్కల నల్ల పోతులతో కూడినయెడల పుట్టు మిశ్రమ సంతానము తల్లిదండ్రులిద్దరికంటెను ఎక్కువ కోపముగలదై యుండుట ఈగలు పెంచువారు తరచుగా చూచిరి.

లాంగ్‌స్ట్రాత్ చూచిన దానిని ఆయన మరణించిన చాలకాలమునకు లోకమంతయు చూచెను. 1956లో బ్రెజిల్ దేశపు శాస్త్రజ్ఞుడు వార్విక్ కెర్ ఎక్కువ తేనె కొరకు ఆఫ్రికానుండి రాణులను తెప్పించెను. 1957లో 26 గుంపులు పొరబాటున తప్పించుకొని అడవి పట్టెను. అవి అక్కడి ఐరోపా ఈగలతో కలిసి దక్షిణ అమెరికాలో చాలవరకు వ్యాపించి, 1990లో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సాసు చేరెను. ఈ ఈగ విషము ఐరోపా ఈగ విషము కంటె ఎక్కువైనది కాదు. అది త్వరగా రేగును, గుంపులు గుంపులుగా వచ్చును, బహుదూరము తరుమును; అపాయమంతయు ఆ లెక్కలోనే ఉన్నది. ఆఫ్రికాలో తేనెకొరకు గూళ్లను పగులగొట్టు జంతువులును మనుష్యులును ఎక్కువ. అక్కడ మెత్తని గూళ్లు నశించి, కఠినమైనవి మిగిలెనని పండితులు తలంచుచున్నారు. ఐరోపాలో అనేక తరములుగా మనుష్యులు సాధువైన వాటిని ఏరి పెంచుకొనిరి.

అయితే అదే ఈగ 1994లో పోర్టోరికో అను ద్వీపమునకు చేరెను. అక్కడ జరిగినది వింత. కొద్ది సంవత్సరములలోనే ఆ ఈగలు చాలవరకు సాధువులాయెను, వాటి రక్తము మాత్రము ఆఫ్రికాదే. ఆ చిన్న ద్వీపమున జనులు క్రిక్కిరిసి యున్నారు. మిక్కిలి కోపముగల గూళ్లను వారు తీసివేయుచుండగా, నెమ్మదిగలవి మిగిలి వృద్ధిపొందెనని పరిశోధకుల అభిప్రాయము. పుట్టుకతో వచ్చిన కోపము కూడ ఎల్లకాలము నిలుచునది కాదని దీనివలన తేటపడుచున్నది.

ఇప్పుడు మన జిల్లాల ఈగలను చూతము. మనయొద్ద ముఖ్యముగా మూడు రకములు కలవు. మొదటిది కొండతేనెటీగ. ఇది అన్నిటిలో పెద్దది. గజము వెడల్పుకు మించిన ఒక్క పట్టును బయట ఎండకు గాలికి వ్రేలాడగట్టును. దానికి గోడలేదు, తలుపులేదు. తన శరీరములే దానికి గోడ. కందిరీగ దగ్గరకు రాగానే వేల ఈగలు ఒక్కుమ్మడిగా పొట్టలెత్తి నీటి అలవలె మెరయుచు దానిని బెదరించును. ఇంటికి గోడ లేనివాడు కావలి ఎక్కువగా కాయవలసియున్నది గదా! అందుకే దాని కోపము అట్టిది. రెండవది పుట్టలలోను చెట్టు తొర్రలలోను అనేకమైన పట్లు కట్టు మధ్యరకపు ఈగ. దానికి గోడ యున్నది. కాబట్టి అంతగా రేగదు. అపాయము మీరినచో పోరాడుటకంటె ఇల్లు విడిచిపోవుటకే ఇష్టపడును. మూడవది పొదలలో కొమ్మకు అరచేతియంత పట్టు కట్టు చిన్న ఈగ. దాని కోపము స్వల్పము.

సాధువైనదనగా బలహీనమైనదని తలంపరాదు. జపాను దేశములో మన పుట్ట ఈగకు దగ్గర చుట్టమైన ఈగ యున్నది. పెద్ద కందిరీగ గూటిలో ప్రవేశించినచో, ఆ ఈగలు వందలకొలదిగా దానిని బంతివలె చుట్టుకొని, తమ దేహములను వణికించి వేడి పుట్టించును. ఆ వేడి 46 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరగా కందిరీగ చచ్చును, ఈగలు బ్రదుకును. అదే దేశమునకు తెచ్చిన ఇటలీ ఈగలు ఆ శత్రువును ఎరుగవు. ఒక్కొక్కటిగా ఎదిరించి, కొద్ది గంటలలో గూడంతయు నాశనమగుట కలదు. కాబట్టి ఏ దేశపు ఈగ ఆ దేశపు శత్రువులకు తగిన రీతిగా కాపాడుకొనుట నేర్చినది. కోపము దాని దుష్టత్వము కాదు. అది దాని కావలి.

ఆ కావలి ఎట్లు పనిచేయునో తెలిసికొనుట మన ప్రాణములకు క్షేమము. తేనెటీగ ముల్లుకు కొక్కెములున్నవి. మనుష్యుని కుట్టినప్పుడు ముల్లు చర్మములో నిలిచిపోవును, ఈగ చచ్చును. ఆ ముల్లునుండి పండిన అరటిపండు వంటి వాసన వెలువడి తక్కిన ఈగలను అక్కడికే పిలుచును. అందుచేత మొదటి ఈగను కొట్టి చంపినవాడు వేయి ఈగలను పిలిచినవాడగును. కొండతేనెటీగలు రేగినచో చేతులు విసరక, ముఖము కప్పుకొని, వెంటనే ఇంటిలోనికి పరుగెత్తి తలుపు వేసికొనవలెను. చెరువులో దుమికినను అవి పైన కాచుకొని యుండును. ముల్లును గోటితో వెంటనే గీకివేయవలెను. ఊపిరాడకున్నను, ఒళ్లంతయు దద్దుర్లు లేచినను, చాల ఈగలు కుట్టినను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

ఇక లాంగ్‌స్ట్రాత్ చరిత్రకు మరల వత్తము. ఈగలు ఆయనను కుట్టినదానికంటె మనుష్యులు కుట్టిన గాయములే ఆయనకు ఎక్కువాయెను. ఆయన పెట్టె మిక్కిలి ఉపయోగకరమైనందున అనేకులు అనుమతి లేకయే దానిని చేసి అమ్ముకొనిరి. హక్కుపత్రము వలన ఆయనకు దక్కినది స్వల్పము. వ్యాజ్యముల వలన దక్కినది శ్రమయే. దిగులు జబ్బు మాటిమాటికి వచ్చి నెలల తరబడి మంచము పట్టించుచుండెను. ఆ దినములలో ఆయన ఈగల గ్రంథములను కంటికి కనబడకుండ దాచివేసి, వాటి రొద వినబడకుండ ఇంటికి అవతలి వైపున కూర్చుండెడివాడు. తాను అన్నిటికంటె ప్రేమించినదే తనకు సహింపరానిదగుట ఎంతటి శోధన! 1870లో కుమారుడు జేమ్సు మరణించెను. 1873లో భార్య మరణించెను. ఆమె తన చేవ్రాతతో ఆయన పుస్తకపు ప్రతిని ముద్రణకు సిద్ధపరచిన సహాయురాలు.

అయినను ఆయన స్నేహితులు లేని మనుష్యుడు కాలేదు. జియెర్జోన్ గ్రంథమును ఇంగ్లీషులోనికి అనువదించుచున్న శామ్యూల్ వాగ్నర్, లాంగ్‌స్ట్రాత్ పెట్టెను చూచి, తన పనిని ఆపివేసి, ఈయన పుస్తకమునకే తోడ్పడెను. ఫ్రాన్సునుండి వచ్చి స్థిరపడిన చార్లెస్ డడాంట్ ఆయన వృద్ధాప్యమున ఆ గ్రంథమును సవరించి మరల ప్రచురించెను. జబ్బు తొలగిన దినములలో లాంగ్‌స్ట్రాత్ తిరిగి లేచి, ఈగల పెట్టెలయొద్దకు పోయి, ఉత్తరములు వ్రాసి, వేడుకగా మాటలాడుచు, తన్ను చూడవచ్చినవారికి తెలిసినదంతయు చెప్పుచుండెడివాడు. తనకు అన్యాయము జరిగెనని విద్యను దాచుకొనలేదు.

1887లో ఆయన కుమార్తె కుటుంబముతో కూడ డేటన్ పట్టణమునకు చేరెను. 1895వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీ ఆదివారమున, 84 ఏండ్ల వయస్సులో, అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘములో ప్రసంగించుటకు నిలిచి, దేవుని ప్రేమనుగూర్చి మాటలాడనారంభించెను. ఆ మాటల నడుమనే ప్రాణము విడిచెను. వ్యాధిచేత ఎన్నోమారులు ప్రసంగపీఠమును విడిచిన ఆయనకు కడపటి ఊపిరి ప్రసంగపీఠముమీదనే కలిగెను.

ఆయన పని మన దేశమునకును వచ్చెను. 1910 తరువాతి సంవత్సరములలో తమిళ దేశమున న్యూటన్ అను జెస్యూట్ గురువు కదలు చట్రముల పద్ధతినే మన పుట్ట ఈగకు తగినట్లు చిన్న పెట్టెగా చేసెను. తిరువాన్కూరులోని మార్తాండమున వై.ఎం.సి.ఎ. గ్రామ పునర్నిర్మాణ కేంద్రము స్పెన్సర్ హాచ్ నాయకత్వమున పేద రైతులకు ఈగల పెంపకము నేర్పెను. ఇటలీ ఈగలు 1962 మొదలు 1964 వరకు ఉత్తరమున నగ్రోటాలో జరిగిన ప్రయత్నముతో మన దేశమున స్థిరపడెను. నేడు తెలంగాణ చేల గట్లమీద వరుసగా నిలిపిన ఈగల పెట్టెలను చూచితిరా? ఇటలీ ఈగలున్న ఆ పెట్టెలు లాంగ్‌స్ట్రాత్ పేరుతోనే పిలువబడుచున్నవి.

ప్రియులారా, ఈ చరిత్ర మనలను రెండు సంగతులు అడుగుచున్నది. మొదటిది, తుట్టెను కాల్చువారినిగూర్చి. మన మామిడికిని నువ్వులకును కాయ కట్టించు పరిచారకులు ఈ ఈగలే. బడికో, గుడికో, నడక దారికో మిక్కిలి దగ్గరగా నున్న కొండతేనెటీగ తుట్టె అపాయకరము; తేనె తీయుటయందు అనుభవముగలవారిని పిలిచి తొలగించుట న్యాయమే. అయితే పొలము నడుమ ఎవరికిని అడ్డములేక యున్నదానిని కాగడాతో కాల్చుట మన పంటను మనమే కాల్చుకొనుట. పిల్లలు రాళ్లు రువ్వకుండ నేర్పినచో చాల తుట్టెలు ఎవరిని కుట్టకయే తమ కాలమందు లేచిపోవును.

రెండవది, మన ఇండ్లలోని కోపమునుగూర్చి. ఫలానివాడు పుట్టుకతోనే కోపిష్ఠియని, వాని వంశమే అట్టిదని మనము సులభముగా చెప్పుదుము. అది కొంతవరకు నిజము కావచ్చును. అయితే వాని గూటిని మనమెట్లు తెరచితిమి? తగిన ఎడము విడిచితిమా? ఊపిరి ఊది, చేయి విసరి, నలిపి, పిమ్మట వాడు కుట్టెనని చెప్పుచున్నామా? గోడలేని ఇంటివాడు ఎందుకు అంతగా రేగునో ఒక్కమారైనను ఆలోచించితిమా? మృదువైన మాట క్రోధమును చల్లార్చునని సామెతలు నేర్పుచున్నది. వినుటకు వేగిరపడి కోపించుటకు నిదానింపవలెనని యాకోబు నేర్పుచున్నాడు. ఆ బోధలను లాంగ్‌స్ట్రాత్ ఈగల పెట్టెయొద్ద ప్రతిదినము తన చేతులతో ఆచరించెను. పుట్టుకతో వచ్చిన కోపము కూడ మారగలదని ఈగలే సాక్ష్యమిచ్చుచుండగా, దేవుని స్వరూపమందు చేయబడిన మనుష్యుని విషయములో మనము నిరాశపడుట తగదు. ఈ నెలలో మనలో ప్రతివాడును, తనకు దూరమైన ఒక్క కోపిష్ఠి ఇంటికి, తగిన ఎడము ఎరిగి, మెల్లగా వెళ్లును గాక.